పార్థసారథి అశ్వసేవ – గాయపడిన తట్టువ నేర్పు పాఠము

శ్రీమన్నారాయణునకు మన మొనర్చు సేవలు పెక్కు గలవు. తోమాల సేవ, అర్చన, ఏకాంత సేవ మున్నగువానిని భక్తులెల్లరు నెఱుగుదురు. ఆ స్వామియే తన చేతులతో స్వయముగా ఒనర్చిన సేవ యొకటి మహాభారతమున ద్రోణపర్వమందు కలదు. అది యుద్ధభూమి నడుమ గాయపడిన గుఱ్ఱములకు ఒనర్చిన సేవ. సైంధవ వధ కథను వినునపుడు మన మనస్సు ప్రొద్దు క్రుంకుటయందే లగ్నమై యుండును గనుక ఈ ఘట్టము మఱుగుపడిపోవుచుండును. హైదరాబాదు తూర్పుభాగమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతముల పెండ్లి ఊరేగింపులలో నేటికిని గుఱ్ఱములు, తట్టువలు నడచుచున్నవి. ఆ బాటలో ఒక మూగజీవి గాయపడినచో గృహస్థు ఏమి చేయవలయును? అది కోలుకొనుటకు ఏమేమి కావలయును? ఈ ప్రశ్నలకు స్వామి ఆచరణమునందే సమాధానమున్నది. దానిని నేటి పశువైద్యముతో కలిపి విచారింతము.

ద్రోణపర్వములోని ఘట్టము

పదుమూడవనాటి యుద్ధమున అభిమన్యుడు నేలకొరిగెను. మఱునాటి సూర్యాస్తమయములోగా సైంధవుని వధింతునని, వధింపలేనిచో అగ్నిప్రవేశము చేయుదునని అర్జునుడు ప్రతిన పూనెను. పదునాలుగవనాడు కౌరవవ్యూహమును చీల్చుకొని అతని రథము ముందునకు సాగెను. త్రోవలో నెదిర్చిన అవంతి రాజపుత్రులు విందానువిందులు హతులైరి. అప్పటికి సూర్యుడు పడమటికి వాలుచుండెను. సైంధవుడు ఇంకను చాల దూరమున నుండెను. రథాశ్వములు ఒడలెల్ల బాణములు నాటి, దప్పిగొని, అలసి సొలసి యుండెను.

ఆ వేళ ప్రతి గడియకును విలువ గలదు. ప్రొద్దు క్రుంకినచో అర్జునుడు అగ్నిలో దుముకవలసినదే. అట్టియెడ కమ్చీ ఝళిపించి గుఱ్ఱములను మఱింత వేగముగా తోలుట లోకసహజము. అర్జునుడు అట్లు చేయింపలేదు. గుఱ్ఱములు గాయపడినవి, అలసినవి, ఇప్పుడేది కర్తవ్యమని శ్రీకృష్ణుని అడిగి, వానిని విప్పి బాణములను తీయుట మేలని తన తలంపును తెలిపెను. తనకును అదియే సమ్మతమని స్వామి పలికెను.

అర్జునుడు రథము దిగి గాండీవమును చేపట్టి నేలపై నిలిచెను. శత్రుసైన్యము నలుదెసల క్రమ్ముకొనగా, అతడొక్కడే అందఱను నిలువరించెను. గుఱ్ఱములు త్రాగుటకు ఇచట నీరు లేదని స్వామి చెప్పగా, అస్త్రముతో భూమిని భేదించి సరస్సును కల్పించెను. బాణములే స్తంభములుగా, బాణములే కప్పుగా ఒక గృహమును నిర్మించెను. శ్రీకృష్ణుడు చిఱునవ్వుతో మెచ్చుకొని గుఱ్ఱములను విప్పి ఆ శరగృహములోనికి తోడ్కొనిపోయెను. తన చేతులతో బాణములను తీసెను, ఒడలు నిమిరెను, నీళ్ళాడించెను, నీరు త్రాగించెను, మేత పెట్టెను. వాని అలసట, వణకు, బాధ తీఱిన పిమ్మటనే మరల రథమునకు పూన్చెను. చూచుచున్న సైనికులు విస్మయమొందిరి. ద్రోణపర్వమును తెనిగించిన తిక్కన సోమయాజి పుణ్యమున ఈ కథ తెలుగువారి యిండ్లకు చేరినది.

ఇచట గమనింపదగిన విశేషము లైదు గలవు. బరువు దిగుట మొదటిది. నీడను, నెమ్మదిని కల్పించుట రెండవది. తెలిసినవాని చేత గాయమునకు చికిత్స జరుగుట మూడవది. నీరు, మేత నాలుగవది. పూర్తిగా తేఱుకొనిన పిమ్మటనే పనికి పూన్చుట ఐదవది. ఈ వరుసను తప్పించినచో చికిత్స చెడును. నేటి పశువైద్యులును ఇంచుమించుగా ఈ వరుసనే పాటింతురు.

చెన్నపురి తిరువల్లిక్కేణి ఆలయమున పార్థసారథి స్వామి ఉత్సవమూర్తి ముఖమందు భీష్ముని బాణముల గుఱుతులు నేటికిని దర్శనమిచ్చును. సారథి రథమునకు ముందుభాగమున కూర్చుండును గనుక గుఱ్ఱములకు తగులు బాణములు అతనికిని తగులును. తానును గాయపడుచునే గుఱ్ఱముల గాయములను కడిగిన స్వామి ఆయన.

మన బాటలో గుఱ్ఱము

పొట్టిజాతి గుఱ్ఱమును తట్టువ యందురు. మూపుకడ దాని ఎత్తు సాధారణముగా 147 సెంటీమీటర్లకు మించదు. దిల్‌సుఖ్‌నగర్‌కు గుఱ్ఱము క్రొత్తది కాదు. దాని పొరుగున నున్న మలక్‌పేటలో 1886 నుండి గుఱ్ఱపు పందెముల మైదానము కలదు. ఒకప్పుడు నగరవీథులలో జటకాబండ్లు తిరుగుచుండెడివి. అవి పోయి ఆటోలు, బస్సులు వచ్చినవి. 2018 సెప్టెంబరు నుండి ఎల్.బి. నగర్ వఱకు మెట్రోరైలు నడచుచున్నది. మెట్రో స్తంభముల క్రింద విజయవాడకు పోవు రహదారిపై వాహనములు ఎడతెగక సాగుచున్నవి. వాని నడుమ, పెండ్లిండ్ల కాలమున, వరుని మోయుచు గుఱ్ఱము నడచుచున్నది.

గుఱ్ఱము స్వభావము చేత భీరువు. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది తనచుట్టును చాలవఱకు చూడగలదు. వెనుక నుండి మెఱుపో, పెద్దచప్పుడో కలిగినచో ఏమని విచారింపక పరుగు తీయును. టపాకాయలు, బ్యాండు మేళము, హారన్లు, కన్నులు మిఱుమిట్లు గొలుపు దీపములు అన్నియు నొక్కమాఱు చుట్టుముట్టినపుడు దాని గుండె ఎట్లు కొట్టుకొనునో ఊహింపుడు. నున్నని సిమెంటు బాటపై ఇనుప లాడము జాఱును. పగిలిన గాజుముక్క గాని, మేకు గాని గిట్టలో దిగును. తప్పు దానిది కాకున్నను బాధ దానిదే.

ఎల్.బి. నగర్ చేరువనున్న కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామిని దర్శించు భక్తులు ఒక మాట స్మరింపవలయును. అర్జునుని రథధ్వజమున వసించినవాడు హనుమంతుడే. అందుచేతనే అర్జునుడు కపిధ్వజుడైనాడు. ఆనాటి అశ్వసేవకు ఆ స్వామియు సాక్షి. మంగళవారము, శనివారము ఆయనకు ప్రదక్షిణము చేసి వచ్చు త్రోవలో కుంటుచున్న తట్టువను చూచి తల త్రిప్పుకొనిపోవుట ఆ భక్తికి తగదు.

గాయపడిన వెంటనే చేయవలసినది

మొదట పైనున్నవాడు దిగవలయును. ముహూర్తము మించుచున్నను దిగవలసినదే. అర్జునుని ముహూర్తముకంటె మన ముహూర్తము గొప్పది కాదు. కాలు నేల మోపలేని జంతువును నడిపింపరాదు. విఱిగిన యెముక, నడిపించినకొలది చర్మమును చీల్చుకొని వెలికి వచ్చును; నయము కాగల గాయము ప్రాణాంతకమగును.

పిదప మేళమును ఆపించి జనమును దూరముగా పంపవలయును. ఇదియే మనము కట్టగల శరగృహము. దానికి అలవాటైన మనిషి యొకడు తలవద్ద నిలిచి, పగ్గము పట్టుకొని, మెల్లగా మాటలాడుచుండవలయును. ఎవ్వరును దాని వెనుక నిలువరాదు. బాధలో నున్న గుఱ్ఱము మంచిదైనను తన్నును.

నెత్తురు కాఱుచున్నచో శుభ్రమైన మందపు గుడ్డను గాయముపై అదిమి పట్టి గట్టిగా కట్టవలయును. ఆగినదా లేదా యని మాటిమాటికి విప్పి చూచినచో గడ్డకట్టుచున్న నెత్తురు మరల కాఱును. నెత్తురు కాఱని గాయమును, లీటరు మరగించి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి దానితో కడుగవచ్చును. బూడిద, సున్నము, కిరసనాయిలు, బండి ఇంజను నూనె వంటివి పూయరాదు. అవి మాంసమును కాల్చి గాయమును మఱింత పెంచును.

గిట్టలో మేకు దిగియున్నచో సాధ్యమైనంతవఱకు దానిని పెఱుకక వైద్యునకై వేచియుండుట మంచిది. అది ఎంతలోతు, ఏ దిక్కున దిగినదో ఎక్స్‌రే తీసి చూచినగాని తెలియదు. శ్రీకృష్ణుడు బాణములను తానే తీసెను గదా యందురేమో. భారతము ఆయనను అశ్వవిద్యలో నిపుణునిగా చెప్పి మఱియే ఆ పని చేయించినది. మన పూర్వులు ఈ విద్యను గౌరవించిరి. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము ప్రసిద్ధము. నకులుడు విరాటుని కొలువున గుఱ్ఱములను కాచెను. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించెను. తెలిసినవానిని పిలుచుటయే ఆ పరంపరకు మర్యాద.

గుఱ్ఱజాతికి ధనుర్వాతము మిక్కిలి సులభముగా సోకును. చిన్న గుచ్చుడు గాయమైనను దానికి సూది మందు తప్పదు. కీలు దగ్గఱి గాయము చూచుటకు గోరంత యున్నను కొండంత అపాయము. కీలులోనికి మలినము చేరినచో కొన్ని గంటలలోనే చికిత్స మొదలుపెట్టవలయును. మనుష్యులు మ్రింగు నొప్పిమాత్రలను వైద్యుని మాట లేక ఇయ్యరాదు.

వైద్యుడు వచ్చులోపల చూడదగిన గుఱుతులు కొన్ని గలవు. విశ్రాంతిగా నున్న పెద్ద గుఱ్ఱము గుండె నిమిషమునకు 28 నుండి 44 మాఱులు కొట్టుకొనును. తట్టువలకు కొంచె మెక్కువ యుండవచ్చును. ఊపిరి 8 నుండి 16 మాఱులు. ఒడలి వేడి 37.5 నుండి 38.5 సెంటీగ్రేడు డిగ్రీలు. అలజడి తగ్గిన పిమ్మటను ఇవి హెచ్చుగా నున్నచో బాధ తీవ్రమని తెలియవలయును.

ఈ ప్రాంతమువారికి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆరాంఘర్ మీదుగా పోవు బాటలో కలదు. 1992లో అక్కినేని అమల, నాగార్జున స్థాపించిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ సంస్థయు నగరమున నున్నది. ఈ తావులను ముందే తెలిసికొనియుండుట మేలు. ఆపద నాటి వెదకులాట కాలమును మ్రింగివేయును.

కోలుకొనుట యనగా నేమి?

స్వామి హస్తస్పర్శచే పార్థుని గుఱ్ఱములు గడియలలో తేఱుకొనినవి. మన తట్టువకు మాసములు పట్టును. మోకాలి దిగువభాగమున మాంసము లేక నరములు, ఎముక, చర్మము మాత్రమే యుండుటచే అచటి గాయములు మెల్లగా మానును. పుండునుండి దుర్మాంసము పైకి పెరిగి మాననీయదు. కట్టు మార్చుట, దుర్మాంసమును తొలగించుట ఓర్పుతో సాగవలసిన పనులు. కాలి స్నాయువు తెగినచో తొమ్మిది మాసములు మొదలు ఏడాది వఱకు పట్టవచ్చును. కుంటు పోయినంత మాత్రమున లోపలి దారము గట్టిపడినదని తలంపరాదు. అప్పుడే బరువెక్కించినచో అదే తావున మరల తెగును.

విశ్రాంతికాలమున మేతను మార్చవలయును. పనిచేయునాటి వలె ఉలవలు, దాణా పెట్టినచో కడుపునొప్పియు, గిట్టలలో వాపును కలుగవచ్చును. గుఱ్ఱము వాంతి చేసికొనలేని జంతువు. కావున గడ్డి ప్రధానముగా కొద్దికొద్దిగా పలుమాఱులు పెట్టవలయును. మంచినీరు ఎల్లప్పుడు అందుబాటున నుండవలయును. ఒంటరితనము దానికి పెద్దబాధ. మఱియొక గుఱ్ఱమో, కనీసము మేకయో కంటికి కనబడుచుండుట మేలు. వైద్యుడు అనుమతించిన పిమ్మట చేత పట్టుకొని కొన్ని నిమిషములు నడిపించుట మొదలిడి, వారము వారము హెచ్చింపవలయును.

గుఱ్ఱపు కాలు విఱిగినచో ప్రాణము పోయినట్లే యను మాట ఎందుకు పుట్టినదో తెలిసికొనవలయును. గుఱ్ఱము తన బరువులో ఇంచుమించు నూటికి 60 పాళ్ళు ముందుకాళ్ళపై మోయును. దినములకొలది పడుకొని యుండలేదు. ఒక కాలు చెడినచో ఎదుటి కాలు ఆ బరువునంతయు మోసి మోసి, దాని గిట్ట లోపల వాచి చెడును. ఇందుకు రెండు దృష్టాంతములు అమెరికా దేశమున కలవు.

బార్బరో యను పందెపు గుఱ్ఱము 2006 మే మాసమున కెంటకీ డెర్బీని గెలిచి, రెండు వారములకు మఱియొక పందెములో కుడి వెనుకకాలు విఱుగగొట్టుకొనెను. ప్రసిద్ధ వైద్యులు శస్త్రచికిత్స చేసి లోహపు పలకను, మరలను బిగించిరి. విఱిగిన కాలు చాలవఱకు అతుకుకొనెను. కాని ఎడమ కాలి గిట్ట చెడెను. ఎనిమిది మాసముల పోరాటము పిమ్మట, 2007 జనవరి 29న, బాధ నుండి విముక్తి కలిగించుట తప్ప వేఱుదారి లేకపోయెను. ధనమునకును, విద్యకును అచట లోటు లేదు. అయినను ఫలింపలేదు.

మాలీ యనునది ఒక సామాన్యమైన తట్టువ. 2005 ఆగస్టులో కత్రినా తుపాను లూసియానా రాష్ట్రమును ముంచినపుడు యజమానులచే విడువబడినది. దానిని చేరదీసిన చోట ఒక కుక్క కఱచి ముందరి కుడికాలిని ఛిద్రము చేసెను. లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయ పశువైద్యశాలలో రస్టిన్ మూర్ అను శస్త్రవైద్యుడు మొదట సంశయించెను. కాని ఆ తట్టువ తనంతట తాను పడుకొని కాళ్ళకు విశ్రాంతినిచ్చుట, మంచికాలిపై బరువును జాగ్రత్తగా మార్చుకొనుట చూచి, ఇది బ్రదుకగలదని నిశ్చయించెను. 2006లో మోకాలి దిగువన కాలు తీసి కృత్రిమపాదమును అమర్చిరి. మాలీ నడిచెను. పిదప ఆసుపత్రులకు, వృద్ధుల ఆశ్రమములకు వెళ్ళి రోగులకు ధైర్యమును కలిగించెను. తేలికైన శరీరము దానికి మేలు చేసెను. ఓర్పుగల స్వభావము అంతకంటె మేలు చేసెను.

ఈ రెండు కథల సారమేమనగా, కోలుకొనుట మన చేతిలో పూర్తిగా లేదు. ఉపచారము మన చేతిలో నున్నది. కోలుకొనిన జీవి మరల పూర్వపు పనికే రావలెనను నియమమును లేదు. మాలీ ఎవరిని మోయలేదు. దాని బ్రదుకు వ్యర్థము కాలేదు.

గృహస్థుల బాధ్యత

గాయపడిన తట్టువను అరమానిన పుండుతో మరల ఊరేగింపునకు తెచ్చినవానిని కఠినుడని నిందించుట సులభము. కాని అతడు తఱచుగా పేదవాడు. గుఱ్ఱము నిలిచిన దినమున అతని పొయ్యియు వెలుగదు. వైద్యుడు రెండు మాసముల విశ్రాంతి చెప్పినచో, ఆ రెండు మాసములు మేత ఎవరు పెట్టుదురు? ఇచటనే కోలుకొనుట తఱచుగా చెడుచున్నది. మందు లేక కాదు, విశ్రాంతికి వెల చెల్లించువారు లేక.

కావున పెండ్లివారు బేరమాడునపుడే ఒక మాట అనుకొనవలయును: మా యింటి శుభకార్యమున దీనికి గాయమైనచో, వైద్యమునకును విశ్రాంతి దినముల మేతకును మేము పూనికొందుమని. పందిరికి, పువ్వులకు, విందునకు వెచ్చించువారికి ఇది భారము కాదు. గుఱ్ఱమును ఎక్కుటకు ముందు దానిని నాలుగడుగులు నడిపించి చూడవలయును. తల ఎగురవేయుచు నడచుచున్నను, జీను క్రింద పుండున్నను, ఆ గుఱ్ఱము వలదనవలయును. వరుడు కాలినడకన వచ్చినను కల్యాణమునకు లోపము రాదు.

శాసనమును ఈ ధర్మమునే చెప్పుచున్నది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము గాయముతోనో, పుండుతోనో ఉన్న జంతువుచే పని చేయించుట నేరమని పేర్కొనినది. 1965 నాటి నియమములు తట్టువ వీపున వేయదగిన బరువు 70 కిలోలని నిర్ణయించినవి. బండి లాగు, బరువు మోయు జంతువులచే దినమునకు 9 గంటలకు మించి, విరామము లేక 5 గంటలకు మించి పని చేయింపరాదు. ఎండ 37 డిగ్రీలు దాటుచోట మధ్యాహ్నము 12 నుండి 3 గంటల వఱకు పని చేయింపరాదు. యమునోత్రి, కేదారము వంటి యాత్రలలో తట్టువలపై కొండ లెక్కు యాత్రికులును ఈ బరువు మాటను జ్ఞప్తియందుంచుకొని, శరీరము సహకరించినవారు నడచుట, తట్టువ నెక్కువారు నడుమ నడుమ దిగి దానికి నీరు పట్టించుట ఉచితము. ఆ జీవి శ్రమ చేత లభించిన దర్శనమున దానికిని పాలు గలదు.

తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాటి రాత్రి శ్రీ మలయప్పస్వామి అశ్వవాహనముపై ఊరేగును. హయగ్రీవుడై వేదములను కాపాడినవాడు ఆ స్వామియే. కల్కియై గుఱ్ఱము నెక్కి రానున్నవాడును ఆ స్వామియే. ఆ వాహనమునకు హారతి పట్టునపుడు, కురుక్షేత్రమున ఆయన పగ్గము విడిచి గుఱ్ఱముల గాయములు కడిగిన దృశ్యమును పిల్లలకు చెప్పుడు. ఇంతటి తొందరలోను ఆయన ఆగెనని చెప్పుడు. దిల్‌సుఖ్‌నగర్ కూడలిలో గాని, ఎల్.బి. నగర్ దారిలో గాని కుంటుచున్న తట్టువ కంటబడిన నాడు, ఆ కథ విన్న పిల్లవాడు మీ కొంగు పట్టుకొని ఆపును. అప్పుడు మీరును ఆగుడు.

శ్రీకృష్ణార్పణమస్తు.